లేని తప్పులు

ఆ అమ్మాయి మొదటిసారి అతని డెస్క్ దగ్గరికి వచ్చింది పోట్లాటకే.

"ఏమండీ మేష్టారూ, నేను రాసింది ఏడు లైన్ల కోడ్. దాని మీద మీరు రాసిన కామెంటు పదకొండు లైన్లు. పరీక్ష పేపరు దిద్ది మొహాన కొట్టినట్టుంది."

అతను తలెత్తి చూశాడు. ఆమె భుజాన బ్యాగు కూడా దింపలేదు. జుట్టు వానకి తడిసి ముద్దయింది గానీ కోపం మాత్రం చుక్క తడవలేదు.

"తప్పుంది కాబట్టి రాశాను."

"ఎక్కడుంది?"

"పేషెంటు పేరు రాయకుండా బటన్ నొక్కితే ఏమవుతుంది?"

"పేరు రాయకుండా ఎవరు నొక్కుతారండీ?"

"మా నాన్నమ్మ నొక్కుతుంది."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. పది నిమిషాల్లో ఇద్దరూ కలిసి సరిచేశారు. లేచి వెళ్తూ, "మీ నాన్నమ్మకి థాంక్స్ చెప్పు," అంది. 'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఎప్పుడు దిగిందో అతను గమనించనే లేదు. దిగినందుకు మాత్రం ఆ రోజంతా అతనికి ఒళ్లు తేలిపోతున్నట్టు ఉంది.

ఇద్దరివీ వేరువేరు కాలేజీలు, ఇద్దరిదీ చివరి సంవత్సరమే. ఆ కంపెనీలో పది వారాల ఇంటర్న్‌షిప్‌కి వచ్చారు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల యాప్ ఒకటి తయారవుతుంటే, అందులో చిన్న చిన్న పనులు వీళ్లకిచ్చారు. అక్కడొక పద్ధతి ఉంది. ఇంటర్న్‌లని జతలుగా కూర్చి, ఒకరు రాసిన కోడ్ రెండోవాళ్లు చదివి 'సరే' అంటేనే యాప్‌లో కలుపుతారు. కాదంటే వెనక్కొస్తుంది, దిద్ది మళ్లీ పంపాలి. ఆమె కోడ్ అతను చూడాలి, అతనిది ఆమె చూడాలి. టీమ్ వాళ్లు ఆమెకి గడుగ్గాయి అని పేరు పెట్టారు. అతనికి ఆమె పెట్టిన మేష్టారే ఖాయమైపోయింది.

మర్నాడు ఆమె పంపిన కోడ్‌లో వంక పెట్టడానికేమీ లేదు. అతను మూడుసార్లు చదివాడు. 'సరే' అని నొక్కేస్తే ఆమె తన సీట్లో తను ఉండిపోతుంది. మధ్యలో ఉన్నవి నాలుగు డెస్కులే గానీ, ఊరికే లేచి వెళ్లి పలకరించే ధైర్యం అతనికి పుట్టుకతోనే లేదు. అందుకని కోడ్‌లో ఒక ముక్కకి ఆమె పెట్టిన పేరు పట్టుకుని రాశాడు: 'ఈ ఫంక్షన్ పేరు ఇంకొంచెం స్పష్టంగా ఉంటే బాగుంటుందేమో, ఆలోచించు.'

రెండు నిమిషాల్లో కుర్చీ చక్రాల చప్పుడు వినిపించింది.

"ఇంత మంచి పేరుకి ఏం రోగం మేష్టారూ?"

అలా మొదలైంది. ఒకరోజు ఖాళీ లైను ఎక్కువైందన్నాడు. ఒకరోజు ఆ లెక్క ముందు చేస్తే మేలన్నాడు, మర్నాడు ఆఖర్న చేస్తేనే మేలన్నాడు. ఆమె వచ్చేది, ఆటపట్టించేది, ఆ పనికిమాలిన ప్రశ్నకి కూడా శ్రద్ధగా ఆలోచించి జవాబు చెప్పేది. అతనికి రోజంటే ఆ అరగంటే. అతని కోడ్‌ని మాత్రం ఆమె అందిన గంటలోపే చదివి, ఉన్న తప్పేదో ఒక్క మాటలో చెప్పి పంపేసేది.

ఐదో వారంలో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ ఆఫీసు మెట్ల మీద, పైకప్పు కింద నిలబడ్డారు.

"నీకు ఉద్యోగం వచ్చేస్తుందిలే," అంది చెయ్యి చాపి చినుకుల్ని పట్టుకుంటూ. "నాకే డౌటు."

"నీకెందుకు రాదు?"

"ప్రతిదీ వెనక్కొస్తోందిగా. ఒక్కటైనా మొదటిసారే సరిగ్గా రాయలేనా అని ఏడుపొస్తోంది. మా నాన్న ముందే చెప్పేశాడు. ఇక్కడ ఉద్యోగమిస్తే సరే, లేకపోతే కాలేజీ అయిన మర్నాటి నుంచి మావయ్య ట్రావెల్స్‌లో కూర్చుని టికెట్లు బుక్ చెయ్యాలట."

అతను ఉన్నమాట చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఈలోగా ఆమె బస్సొచ్చింది, బ్యాగు నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది.

మర్నాడు ఆమె కోడ్ రాగానే 'సరే' కొట్టాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఆమె దూరం నుంచే బొటనవేలు ఎత్తి చూపించి నవ్వింది, రాలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి అతనికి పిచ్చెక్కినట్టయింది. ఇదే చివరిసారి అనుకుని ఒక కామెంటు రాశాడు. ఆ తర్వాత అలాంటి చివరిసార్లు పదిహేను దాటాయి. కుర్రాడికి బుద్ధి లేదని కాదు. ఉన్న బుద్ధిని కాసేపు అవతల కూర్చోమన్నాడు, అంతే.

ఆఖరి వారం టీమ్ లీడ్ మేడమ్ ఒక్కొక్కరినీ మీటింగ్ రూమ్‌కి పిలిచింది. అతను ఆఫర్ లెటర్‌తో బయటికొచ్చాడు. ఆమె లోపలికి వెళ్లి ఐదు నిమిషాల్లో వచ్చేసింది. నేరుగా అతని దగ్గరికే వచ్చింది గానీ కూర్చోలేదు.

"రాలేదు," అంది. "పని బాగుందట. కానీ ప్రతిదీ మూడు నాలుగు సార్లు తిరిగొస్తోందట. మిగతావాళ్లు చేసిన దాంట్లో సగమే చేశానట." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నువ్వు మాత్రం పాపం ఓపిగ్గా దిద్దావు. లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేది. థాంక్స్ మేష్టారూ."

తిట్టినా భరించేవాడు. ఆ థాంక్స్ భరించలేకపోయాడు.

"నీ కోడ్‌లో తప్పుల్లేవు."

"ఓదార్చక్కర్లేదులే."

"ఓదార్పు కాదు, నిజం. మొదటి రోజుది తప్ప, ఏవో ఒకటి రెండు తప్ప, మిగతావన్నీ ఊరికే రాశాను. రాస్తే నువ్వొచ్చి పక్కన కూర్చుంటావని."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రోజూ ఇంటికెళ్లి అవన్నీ మళ్లీ మళ్లీ చదువుకునేదాన్ని," అంది మెల్లిగా. "నాకీ పని చేతకాదేమో అనుకున్నాను. నువ్వు చెప్పావు కదా అని నమ్మాను."

మెడలోని ఐడీ కార్డు తీసి రిసెప్షన్‌లో ఇచ్చేసి వెళ్లిపోయింది.

అతను మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు. జరిగిందంతా చెప్పి, తన ఉద్యోగం ఆమెకిచ్చేయమన్నాడు.

"ఇదేం బస్సులో సీటా, లేచి ఇచ్చేయడానికి? లిస్టు పైకి వెళ్లిపోయింది," అంది మేడమ్. తర్వాత ఆ కామెంట్లన్నీ తెరిచి చాలాసేపు చదివింది. "ఇవి నేనూ చదవాల్సింది. అంకెలు చూసి ఊరుకున్నాను." ఆలస్యంలో ఆ అమ్మాయి తప్పేమీ లేదని, పనిమంతురాలని ఆ రోజే ఒక ఉత్తరం రాసి ఆమెకి పంపింది. అతనితో మాత్రం, "నువ్వు చేరు. ఏడాది దాకా ఇంకొకరి కోడ్ జోలికి వెళ్లకు," అంది.

అతను చేరాడు. ఆమెకి ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు. ఎనిమిది నెలల తర్వాత తనే ఒక కాఫీ షాపు పేరు, టైమూ పంపింది.

"ఎలా ఉన్నావ్ మేష్టారూ?"

ఆ పిలుపుకే అతని కళ్లు చెమ్మగిల్లాయి.

"ఐదు నెలలు మావయ్య దగ్గర టికెట్లు బుక్ చేశాను," అంది ఆమె. "మీ మేడమ్ ఉత్తరం పట్టుకుని ఆరు ఇంటర్వ్యూలకెళ్లాను. ఆఖరిదాంట్లో ఒక్కో లైనూ ఎందుకిలా రాశావని గుచ్చి గుచ్చి అడిగారు. తడుముకోకుండా చెప్పాను. పది వారాలు నీకు సంజాయిషీ ఇచ్చీ ఇచ్చీ అబ్బిన విద్య అది. ఎదురుగానే మా ఆఫీసు." కప్పు ఎత్తి ఒక గుక్క తాగింది. "దానికి నీకు థాంక్స్ చెప్పను. ఒకసారి చెప్పి మోసపోయాను."

"చెప్పొద్దు. నేను చెప్పాల్సిందే ఒకటుంది. నాకు నువ్వంటే ఇష్టం. అప్పుడూ, ఇప్పుడూ. ఆ ఒక్క మాట చెప్పడం రాక నీకంత నష్టం చేశాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు."

ఆమె కప్పు పక్కకి జరిపింది.

"కామెంటుకి జవాబు ఎవరి సీట్లోంచి వాళ్లు టైపు చెయ్యొచ్చు, తెలుసుగా? అందరూ చేసేది అదే. మరి నేనెందుకు నాలుగు డెస్కులు దాటి వచ్చేదాన్ని?"

పది వారాల్లో ఒక్కసారైనా అతనికి ఆ ఆలోచన తట్టలేదు.

"నువ్వు వెంటనే 'సరే' కొట్టిన రెండు రోజులు గుర్తున్నాయా? నేలమీద నిలవలేదు నేను. మూడో రోజు టీకి రమ్మని నిన్ను పిలుద్దామని లేచాను. అప్పుడే నీ కామెంటొచ్చింది. మళ్లీ తప్పు చేశానా అని సిగ్గేసి కూర్చుండిపోయాను."

"ఇప్పుడు నేను పిలిస్తే?" అన్నాడు బతిమాలుతున్నట్టు.

"ఇప్పుడు నువ్వు బాగుందంటే నిజంగా బాగుందో లేదో తెలీదు. బాలేదన్నా తెలీదు. రేపు కొత్త డ్రెస్సేసుకుని ఎలా ఉందని అడిగినా నీ మాట నమ్మలేను." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. "ఇష్టం నాకూ ఉంది మేష్టారూ. దాన్నేం చేసుకోవాలో తెలీడం లేదు."

బ్యాగు తీసుకుని, అతని భుజం మీద ఒక్క క్షణం చెయ్యేసి, బయటికి నడిచింది. అతను అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. రోడ్డు దాటేటప్పుడైనా వెనక్కి తిరుగుతుందేమోనని ఆశపడ్డాడు. ఆమెకి ఆఫీసుకి టైమవుతోంది, తిరగలేదు.