వాల్వు దగ్గర మామయ్య

"ఇందాకటి నుంచి సుత్తి కొడుతోంది మీరేనా?"

నిచ్చెన మీద నుంచి కిందికి చూశాను. తెల్ల యూనిఫాంలో ఒకమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"నేనేనండి. కానీ ఇంకా నోరు విప్పలేదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. నవ్వు పెదవి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అది నేను చూశాను.

"పక్క వార్డులో పిల్లలు ఇప్పుడే పడుకున్నారు. వాళ్ళు లేచేదాకా మీరు సుత్తీ ఎత్తద్దు, నోరూ విప్పద్దు."

"మరి అప్పటిదాకా ఏం చెయ్యమంటారు?"

"చప్పుడు కాని పని ఏదన్నా చూసుకోండి. ఆలోచించడం లాంటిది."

అని వెళ్ళిపోయింది. ఆమె చెప్పినట్టే విన్నాను. నిచ్చెన మీద కూర్చుని బుద్ధిగా ఆలోచించాను, ఆమె గురించే.

ఇది జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు నా తలలో జుట్టు కంటే జ్ఞాపకాలే ఎక్కువ. అయినా ఏ హాస్పిటల్లో అడుగుపెట్టినా రోగి మొహం కంటే ముందు నా కళ్ళు మంచం తలవైపు గోడ మీదికి పోతాయి. అక్కడ వరసగా గుండ్రటి సాకెట్లు మీరూ చూసే ఉంటారు. ఒకటి ఆక్సిజన్‌కి, ఒకటి శుభ్రం చేసిన మామూలు గాలికి, ఒకటి గొంతులో అడ్డుపడ్డది లాగేసే వాక్యూమ్‌కి. సీలింగ్ పైన రాగి గొట్టాలు పరిచి, గోడలోకి దించి, చివర ఆ సాకెట్లు బిగించడం ఆ రోజుల్లో మా పని.

మా అంటే మామయ్యదీ నాదీ. మా అమ్మకి తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక నన్ను ఇంటికి తెచ్చుకుని, అన్నం పెట్టి, పని నేర్పినవాడు. పనిలో అందరూ ఆయన్ని మేస్త్రీ అనేవాళ్ళు. ఆయన వేసిన లైనుకి వంక పెట్టక్కర్లేదని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

ఆ అమ్మాయి కొత్త పిల్లల వార్డుని హాస్పిటల్ తరఫున మా దగ్గర్నుంచి అప్పగించుకోవాల్సిన నర్సు. డ్యూటీ మధ్యలో కాస్త ఖాళీ దొరికితే చాలు, వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టేది.

"ఈ సాకెట్ల మూతులు ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఎందుకున్నాయి?"

"ఒకదానికి పెట్టే గొట్టం పిన్ను ఇంకోదాంట్లో దూరకుండా అండి."

"దూరితే ఏం?"

"ఆక్సిజన్ కావాల్సిన బిడ్డకి ఉత్త గాలి పెట్టేస్తారు. అలా జరక్కుండా."

"మరి సాకెట్ వెనక గొట్టమే మారిపోతే?"

"మారదు."

"ఎందుకు మారదు?"

"మా మామయ్య వేశాడు కాబట్టి."

"అది జవాబు కాదు సుత్తిగారూ," అనేది.

అవును, నాకు ఆ పేరు ఖాయం చేసేసింది. మాతో పనిచేసేవాళ్ళు మాత్రం ఊరుకున్నారా? ఆమెకి 'ఎందుకమ్మ' అని పెట్టారు. కారిడార్‌లో ఆమె చెప్పుల చప్పుడు వినపడగానే "ఒరేయ్, ఎందుకమ్మ వస్తోంది" అని ఒకడు హెచ్చరించేవాడు. అందరూ నిచ్చెనలెక్కేసేవాళ్ళు. నేను దిగేవాణ్ణి.

ఎందుకన్ని ప్రశ్నలని ఒకసారి నేనే అడిగాను. చేతిలో ఉన్న దూది చుడుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"పెద్దవాళ్ళయితే ఊపిరాడట్లేదని చెప్తారు. నా దగ్గర పడుకునేవాళ్ళకి మాటలే రావు. వాళ్ళ బదులు నేను అడగాలి కదా."

ఆ తర్వాత ఆమెని ఎందుకమ్మ అని నేను ఒక్కసారి కూడా ఆటపట్టించలేదు. అప్పటికే నా పని అయిపోయిందని నాకు తెలిసిపోయింది.

వార్డు అప్పగించే ముందు ఒక పరీక్ష ఉంటుంది. అన్ని లైన్లూ మూసేసి, లోపలున్నదంతా వదిలేసి, ఒక్క ఆక్సిజన్ వాల్వే తెరవాలి. అప్పుడు ఆక్సిజన్ సాకెట్లలోంచే రావాలి. పక్కవాటిలోంచి పిసరంత కూడా రాకూడదు. తర్వాత అది మూసి, రెండోది. అలా ఒక్కోటీ.

వాల్వులున్న పెట్టె కారిడార్ ఆ చివర ఉండేది. అక్కడ నేను, గదుల్లో ఆమె.

"వస్తోందా?" అని నేను అరవడం.

"వస్తోంది," అని ఆమె.

దారిన పోయేవాళ్ళు ఎవరొస్తున్నారో అని ఆగి చూసేవాళ్ళు. ఒక పెద్దాయన అయితే పెద్ద డాక్టర్ రౌండ్సుకి వస్తున్నాడనుకుని చొక్కా గుండీలు కూడా పెట్టుకున్నాడు.

మధ్యలో వాన అందుకుంది. సాకెట్లోంచి వచ్చే చప్పుడూ, కిటికీ మీద వాన చప్పుడూ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె ప్రతి సాకెట్లోనూ పిన్ను పెట్టి, దాని ముందు అరచెయ్యి ఉంచి చూస్తోంది. అంత దూరం నుంచి నాకు తలుపు పక్కన ఆమె జడ, చెవి, సగం బుగ్గ మాత్రమే కనిపించేవి. అదే చాలా ఎక్కువనిపించింది.

ఆఖరి గదిలో కిటికీ పక్క మంచం దగ్గర ఆమె గొంతు మారింది.

"సుత్తిగారూ, ఒకసారి రండి."

వెళ్ళాను. ఆక్సిజన్ సాకెట్ నోరు మూసుకుని ఉంది. దాని పక్కన గాలి సాకెట్లోంచి వస్తోంది. తెరిచింది ఆక్సిజన్ ఒక్కటే. అంటే వెనక రెండు గొట్టాలూ తారుమారయ్యాయి. సాకెట్ ఆకారం సరిగ్గానే ఉంది, లోపలున్నదే వేరు.

సామాన్లు సర్దుకుంటున్న మామయ్యని పిలిచాం. ఆయన కిటికీ దాకా వచ్చి, సాకెట్ వైపు కూడా చూడలేదు.

"వాన చప్పుడు విని గాలనుకున్నావమ్మా. నా లైన్లో అలా జరగదు."

ఆమె వాదించలేదు. ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించే మీటరు తెచ్చి గాలి సాకెట్‌కి పెట్టింది. అంకె పైకి ఎగబాకింది.

"మీటర్లు పాడవుతాయి," అన్నాడు మామయ్య.

ఆమె నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

ఆయన కూడా నా వైపే చూశాడు. నేను తింటున్న అన్నం ఆయనది. ఆ మీటర్ని అంతకుముందే సరిచూసింది నేను.

"మీటరు కరెక్టే మామయ్యా," అన్నాను.

ఆయన సంచీ భుజాన వేసుకుని వానలోనే వెళ్ళిపోయాడు.

ఇంట్లో నాతో మాటలు బంద్. ఏం చెప్పాలన్నా అత్తయ్య ద్వారానే.

"ఆ మీటరుగారిని భోజనానికి రమ్మను."

"పక్కనే కూర్చున్నాడు కదండీ," అనేది అత్తయ్య.

"అయితే పప్పు వడ్డించు. మీటరు పెట్టి చూసుకుని తింటాడు."

నవ్వొచ్చినా నవ్వలేని పరిస్థితి నాది. ఆయన పనికి రావడం మానేశాడు. గదిలో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అత్తయ్య నన్ను పక్కకి పిలిచి, ఆ అమ్మాయి సంగతేంటని అడిగింది. దాచడం నాకు చేతకాలేదు. ఆయన చెవిన వేస్తే, "ఆ పిల్ల ఊసు ఈ ఇంట్లో ఎత్తద్దు," అన్నాడట. నాకు ఆమె కావాలి. మామయ్యా కావాలి. ఇద్దర్లో ఎవరు లేకపోయినా నా బతుకు సగమే అనిపించింది. ఏం చెయ్యాలో తోచక, ఆమె కంట పడకుండా హాస్పిటల్లో దొంగలా తిరిగాను.

మాకు పని ఇచ్చిన కాంట్రాక్టరు ఇంకో మేస్త్రీని పంపిస్తానన్నాడు. ఆమె వద్దంది. ఎందుకని ఆయన అడిగితే ఏం చెప్పిందో నాకు తెలియదు గానీ, ఆదివారం పొద్దున మా ఇంటి తలుపు తట్టింది.

యూనిఫాం లేకుండా ఆమెని చూడడం అదే మొదటిసారి. నేను గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. నన్ను దాటుకుని లోపలికి వచ్చి మామయ్య ముందు నిలబడింది.

మామయ్య లేచి కూర్చున్నాడు. "నా తప్పు అందరికీ చెప్పావా?"

"చెప్పానండి. రాసి కూడా ఇచ్చాను."

"చెప్పి, రాసిచ్చి, మళ్ళీ మా ఇంటికి ఎలా వచ్చావు?"

"బస్సులోనండి."

వంటింట్లో అత్తయ్య ఫక్కున నవ్వింది. మామయ్య మొహం గంభీరంగా పెట్టుకోవడానికి చాలా కష్టపడ్డాడు. పెదాలు బిగించాడు, మీసం దువ్వాడు. లాభం లేకపోయింది.

ఆమె మాత్రం నవ్వలేదు. "మేస్త్రిగారూ, ఇంకొకళ్ళొస్తే ఆ ఒక్క మంచం బాగుచేసి వెళ్ళిపోతారు. మీరయితే మిగతావన్నీ కూడా మళ్ళీ చూసుకుంటారు. పిల్లల్ని ఆ గదుల్లో పడుకోబెట్టేది నేను. నాకు మీరే కావాలి."

ఆయన నా వైపు తిరిగి, నేరుగా నాతోనే, "ఒరేయ్, మీ అత్తయ్య కళ్ళజోడు పట్రా," అన్నాడు. "నాకు ఈమధ్య దగ్గరవి సరిగ్గా కనపడట్లేదు. చెప్పుకోవడానికి నామోషీ వేసింది."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమయ్యిందో నాకు తెలుసు. నా కళ్ళు చెమర్చాయి.

మర్నాడు అత్తయ్య కళ్ళజోడుతో సీలింగ్‌లోకి ఎక్కాడు. పక్కపక్కనే ఉన్న రెండు గొట్టాలు కిందికి దిగే చోట ఇటుది అటూ, అటుది ఇటూ అయ్యాయి. కోసి, మార్చి, మళ్ళీ అతికించాడు. లైను శుభ్రం చేశాం. ఆ మంచం పరీక్ష చేశాం. సరిగ్గా వచ్చింది.

ఆమె సంతకం పెట్టబోయింది.

"ఆగమ్మా," అన్నాడు మామయ్య. "మొదటి గది నుంచి మళ్ళీ చూడు. అన్ని మంచాలూ."

"మొన్న మిగతావన్నీ చూశానండి, బాగానే ఉన్నాయి."

"మొన్న చూసింది నా పేరు మీద నమ్మకంతో. ఇప్పుడు అనుమానంతో చూడు."

నేను అలవాటు ప్రకారం వాల్వుల పెట్టె వైపు నడిచాను. ఆయన నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"వాల్వు దగ్గర నేనుంటా. మీరిద్దరూ గదులు తిరగండి. తొందరేం లేదు."

అంతవరకూ ఆమెతో ఒకే గదిలో పని చెయ్యడం నాకు కుదరలేదు. ఎప్పుడూ మధ్యలో కారిడార్ ఉండేది. మొదటి గదుల్లో ఇద్దరం చాలా శ్రద్ధగా పని చేశాం. ఆమె చెయ్యి పెట్టడం, నేను మీటరు పెట్టడం, మామయ్యకి కేకెయ్యడం. కిటికీ గదికి వచ్చేసరికి ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి.

"ఆరోజు మీటరు కరెక్టే అన్నారు కదా," అంది సాకెట్ వైపు చూస్తూ, "మీ మామయ్య మొహం మీదే."

"అన్నాను. దానికి చాలా అనుభవించాను."

"ఈ మనిషి చెప్పేదంతా సుత్తి అనుకునేదాన్ని. ఆరోజు నుంచి అనుకోవట్లేదు."

"మరి ఏమనుకుంటున్నారు?"

"ఎందుకు?"

"పెళ్ళి చేసుకుందామని."

ఆమె చెయ్యి సాకెట్ మీదే ఉండిపోయింది. నా వైపు తిరిగి నవ్వింది. మొదటిరోజు ఆగిపోయిన నవ్వు కాదు, మొత్తం నవ్వు.

"మా నాన్నగారు మీకంటే ఎక్కువ మాట్లాడతారు. తట్టుకోగలరా?"

"నన్ను తట్టుకోగలరేమో ఆయన్నే అడుగుదాం."

తర్వాత ఏం మాట్లాడుకున్నామో మీకెందుకు లెండి. పెళ్ళయ్యాక తను పనిచేసే ఊళ్ళోనే ఉండాలంది, సరేనన్నాను. నేను నిచ్చెనెక్కేటప్పుడు కింద ఎవరో ఒకరు పట్టుకోవాలంది, అదీ సరేనన్నాను. ఆ మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వచ్చి ఖాళీ మంచం మీద పడి, అక్కణ్ణుంచి నేల మీదికి జారింది. ఇప్పటికీ ఆ గదే నాకు కలలోకి వస్తుంది.

ఉన్నట్టుండి ఆమె ఉలిక్కిపడింది. "మీ మామయ్య."

ఆయన ఇంకా వాల్వు దగ్గరే ఉన్నాడు. ఆ గదికి లైను తెరిచి, మా కేక కోసం చూస్తున్నాడు. ఇద్దరం కారిడార్‌లోకి పరిగెత్తాం. పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, చెయ్యి వాల్వు మీదే ఉంది. అత్తయ్య కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

"ఇంతసేపు ఒక్కసారన్నా పిలవలేదేం మామయ్యా?"

"పిలిస్తే వచ్చేసేవాళ్ళు కదరా," అన్నాడు.