మంత్రిగారి నాన్న

ఆ ఉదయం కూడా టైలరు రేడియోలో వార్తలు విన్నాడు, చెవి మెలేసినట్టు దాన్ని కట్టేశాడు.

"అబద్ధాలు చదవాలన్నా గొంతు బాగుండాలన్నమాట" అన్నాడు టీ గ్లాసు అందుకుంటూ.

ముప్పై ఏళ్ళుగా నాయకులకు కోట్లూ చొక్కాలూ కుడుతున్న మనిషి. వాళ్ళ గురించి మాట్లాడే హక్కు ఊరందరికంటే తనకే ఎక్కువుందని ఆయన గట్టి నమ్మకం. ఏ నాయకుడు ఏం సాధించాడో ఆయన పేపరు చూసి తెలుసుకోడు, టేపు పెట్టి తెలుసుకుంటాడు.

"ఎన్నికల ముందు వచ్చినప్పుడు నడుము ముప్పైనాలుగు. గెలిచిన ఏడాదికి నలభై. అదీ ప్రజాసేవ!"

"ఏ ఎన్నికల్లోనూ నిలబడకుండానే మీదీ నలభై అయింది" అంది భార్య, డబ్బాలో రొట్టెలు సర్దుతూ. ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటుంది. రోజంతా జనంతో మాట్లాడి మాట్లాడి, ఇంట్లో అవసరమైన మాట మాత్రమే, అదీ సూదిలా గుచ్చుకునేట్టు అంటుంది.

అప్పుడే గదిలోంచి కూతురు సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. విద్యార్థులకు రాజకీయాలు, నాయకత్వం మీద వేసవి సెలవుల్లో పది రోజుల క్యాంపు పెడుతున్నారని తెలిసి, ఎవరికీ చెప్పకుండా వ్యాసం రాసి పంపింది. జిల్లా మొత్తం మీద ఎంపికైన నలభై మందిలో తన పేరుంది. ఆ ఉత్తరం వచ్చినప్పటినుంచీ తండ్రి ఆమెని పేరు పెట్టి పిలవడం మానేశాడు.

"మంత్రిగారు బయల్దేరుతున్నారా? కారు రాలేదేం?"

"బస్సులో వెళ్తున్నా నాన్నా."

"అలవాటు చేసుకో. మొదట్లో అందరూ బస్సులోనే వెళ్తారు."

పిల్ల నవ్వింది. మొదటిరోజు కాబట్టి నవ్వగలిగింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే తంతు. కూతురు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆరోజు నేర్చుకున్నది తల్లికి చెప్పబోయేది. తండ్రి మధ్యలో దూరేవాడు. సభ ఎలా నడపాలో నేర్పారంటే, "మైకు ఎవరికీ ఇవ్వకుండా ఎలా పట్టుకోవాలో నేర్పలేదూ?" అనేవాడు. ఎదుటివాళ్ళు రెండు నిమిషాలు మాట్లాడుతుంటే అడ్డు రాకుండా వినడం నేర్పారంటే, "వింటున్నట్టు నటించడం కదా అసలు విద్య!" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మూడోరోజుకి కూతురు చెప్పడం మానేసింది. తల్లి అడిగితే వంటింట్లోకి వెళ్ళి మెల్లగా చెప్పేది. టైలరుకి లోపల్నుంచి గుసగుసలు వినిపించేవి. తన నవ్వుకి శ్రోతలు తగ్గారని ఆయనకి చిరాకు వేసింది గానీ, కారణం ఆలోచించలేదు.

అయిదోరోజు మధ్యాహ్నం దుకాణంలో కోటు చేతికి గుడ్డ కత్తిరిస్తున్నాడు. మార్కెట్టు వెనకసందులో పన్నెండు దుకాణాలు వరసగా ఉంటాయి, అన్నీ టైలర్లవే. తల ఎత్తేసరికి సందు మొదట్లో కూతురు కనిపించింది. చేతిలో పుస్తకం, చెవి మీద పెన్ను. మొదటి దుకాణంలోకి వెళ్ళింది. అక్కడ పావుగంట. తర్వాత రెండోది.

ఆయనకి సంగతి అర్థమైంది. ఆ వరసంతా పడగొట్టి, కార్లు నిలుపుకోవడానికి పెద్ద భవనం కడతారని మూడు నెలలుగా మాట నడుస్తోంది. అందరికీ వేరే చోటు చూపించాలని టైలర్లు అర్జీ రాశారు. ఆయన దాని మీద సంతకం పెట్టలేదు. "మీ కాగితాన్ని వాళ్ళు ముక్కు తుడుచుకోవడానిక్కూడా వాడరు" అని పంపించేశాడు. అసలు సంగతి వేరు. కౌన్సిలరు ఆయన దగ్గరే బట్టలు కుట్టించుకుంటాడు. కొలతలిచ్చేటప్పుడు చెవి దగ్గరికి వంగి, "కొత్త భవనంలో కింద నీకొక దుకాణం చూస్తాలే. నువ్వు మాత్రం నోరు కదపకు" అన్నాడు.

"ఒరేయ్, మంత్రిగారు పర్యటనకి వచ్చారు! కుర్చీలు వెయ్యండర్రా!" అని టైలరు దుకాణంలోంచే కేకేశాడు.

ఎవరూ నవ్వలేదు. ఎదురు దుకాణం వాడు మిషను ఆపి, పిల్లకి స్టూలు తుడిచి వేశాడు. ఆ పిల్ల అడుగుతుంటే, రోజూ బూతులు తప్ప మాట్లాడని మనుషులు ఆలోచించి ఆలోచించి జవాబు చెబుతున్నారు. చివరికి కాజాల పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడకి దుకాణం లేదు. టైలరు దుకాణం మెట్టు మీదే కూర్చుని, వరసలో అందరి చొక్కాలకీ కోట్లకీ చేత్తో కాజాలు కుడుతుంది. ముసలమ్మ ఒడిలోని బట్టల మూటని పక్కకి జరిపి పిల్లకి చోటిచ్చింది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. టైలరు సుద్దతో గీసిన గీతే మళ్ళీ మళ్ళీ గీశాడు.

ఇంటికి రాగానే ఆయన విరుచుకుపడ్డాడు.

"నా బజారుకొచ్చి నా పరువు తీస్తావా? ఎవరడిగారు నిన్ను?"

"క్యాంపులో ఇచ్చిన పని నాన్నా. మన చుట్టుపక్కల సమస్య ఒకటి తీసుకుని, దాంతో బాధపడేవాళ్ళని కలిసి, నమూనా కౌన్సిల్లో మాట్లాడాలి. ఆఖరిరోజు." పిల్ల పుస్తకం తెరిచింది. "పదకొండు దుకాణాల వాళ్ళు సంతకాలు పెట్టారు. పన్నెండోది నీది."

"నాకు నమ్మకం లేదు. అందుకని పెట్టలేదు."

"నీకు కింద దుకాణం ఇస్తామన్నారట కదా."

భార్య చేతిలోని గరిటె ఆగిపోయింది. ఆ విషయం ఆవిడకీ తెలియదు.

"ఎవరు చెప్పారు?"

"కౌన్సిలరే అందరికీ చెప్పుకుంటున్నాడట. 'పెద్ద టైలరే నా వైపున్నాడు, మీకేం తెలుసు' అని. నాన్నా, నిన్నొకటి అడగనా? కొత్త భవనంలో కాజాల పెద్దమ్మకి మెట్టు ఎవరిస్తారు?"

"ఆవిడకి దుకాణమే లేదు కదే..."

"అందుకే అడుగుతున్నా."

టైలరు మెట్టు మీది ముసలమ్మని తలుచుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా తన కోట్లకి కాజాలు కుట్టే మనిషి. వరస పడగొడితే ఆమె ఎక్కడికి పోతుందని ఒక్కసారీ అనుకోలేదు. అనుకోలేదన్న సిగ్గు కోపమై బయటికొచ్చింది.

"అయిదు రోజుల్లో నన్ను నిలదీసేంత గొప్పదానివయ్యావా? నోరుంటే నాయకత్వం వచ్చినట్టు కాదే! రేపట్నుంచి క్యాంపూ లేదు, గీంపూ లేదు. ఇంట్లో కూర్చో!"

"నువ్వు తిట్టేవాళ్ళు నలుగురి ముందుకొచ్చి ఓటు అడుగుతారు నాన్నా. అబద్ధమో నిజమో, అందరికీ వినపడేలా చెబుతారు. నువ్వు చెవిలో మాట్లాడుకుని వచ్చావు." పిల్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

టైలరు భార్య వైపు తిరిగాడు, ఆమె అయినా తనవైపు మాట్లాడుతుందని. ఆవిడ గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"క్యాంపుకి వెళ్తుంది. నేను పంపుతున్నాను."

"నువ్వు కూడానా?"

"పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నాను. లోకాన్నంతా ఎగతాళి చేస్తుంటే, మా ఆయనకెంత తెలివో అనుకునేదాన్ని. దేన్నీ నమ్మని మనిషి ఏ పనీ చెయ్యక్కర్లేదు కదండీ. ఎంత సుఖం!"

ఆవిడ గొంతు పెంచి ఉంటే ఆయన కూడా అరిచేవాడు. ఆవిడ మామూలుగా అంది. పోస్టాఫీసులో చిరునామా సరిగా లేని ఉత్తరాన్ని వెనక్కి తోసినట్టు.

తర్వాతి నాలుగు రోజులూ ఇంట్లో ఆయనతో ఎవరూ అనవసరంగా మాట్లాడలేదు. కూతుర్ని మంత్రిగారని పిలవబోయి రెండుసార్లు నాలుక కరుచుకున్నాడు.

పదోరోజు పొద్దున కౌన్సిలరు కొత్త కోటు తీసుకోవడానికి వచ్చాడు. అద్దంలో చూసుకుని మురిసిపోతూ, "ఇవాళ పిల్లల క్యాంపు ముగింపుకి నేనే ముఖ్య అతిథిని. మీ అమ్మాయీ ఉందటగా, రావయ్యా" అన్నాడు. రానంటే బాగుండదు. వెళితే ఏం వినాల్సి వస్తుందో తెలుసు. టైలరు వెళ్ళి, హాల్లో చిట్టచివరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. మూడు వరసల ముందు భార్య ఉంది. పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా ఆమె వెనక్కి తిరిగి పిలవలేదు.

వేదిక మీద బల్లలు గుండ్రంగా వేశారు. పిల్లలు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఒకడు వీధిదీపాల గురించి, ఒకమ్మాయి బడిలో నీళ్ళ గురించి. టైలరుకి ఎప్పట్లాగే పెదవి విరవాలనిపించింది. తర్వాత కూతురు లేచింది.

కేకలు వెయ్యలేదు, చేతులు ఊపలేదు. పన్నెండు దుకాణాల్లో ఎవరు ఎన్నేళ్ళుగా పని చేస్తున్నారో చెప్పింది. తండ్రి సంగతి ఎత్తలేదు. ఆఖర్న, "దుకాణం లేని ఒకావిడ కూడా అక్కడ పని చేస్తారు. ఆవిడ సూది పట్టకపోతే ఈ ఊళ్ళో ఏ చొక్కాకీ గుండీ పడదు. ప్రణాళికలో కార్లకి రెండు వందల చోట్లున్నాయి. ఆవిడ కూర్చోవడానికి ఒక్క చోటు ఎక్కడుందో కౌన్సిలరు గారు చెప్పాలని కోరుతున్నాను" అంది.

కౌన్సిలరు వెనక్కి వాలి, పొట్ట మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వాడు.

"అబ్బో! మంత్రిగారు మమ్మల్నే నిలదీస్తున్నారే! శభాష్, శభాష్! ఫొటో తియ్యండయ్యా!"

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. జవాబు మాత్రం రాలేదు. వేదిక మీద పిల్ల కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కింది పెదవి వణుకుతోంది. అది అణచుకోవడానికి పళ్ళతో నొక్కిపెట్టింది.

ఆ వణికే పెదవిని టైలరు ఇంతకుముందు చూశాడు. క్యాంపు మొదలైన రోజుల్లో సాయంత్రం తన ఇంట్లో, తన ఎదురుగా చూశాడు. ఆ నవ్వూ తనదే. ఆ పేరూ తను పెట్టిందే. జీవితమంతా ఎవరిని చూసి ఛీ కొట్టాడో, తన పిల్ల ముందు తనూ అచ్చం అలాగే కూర్చున్నాడు. నవ్వేసి, జవాబు చెప్పకుండా తప్పించుకున్నాడు.

ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు.

"సార్..."

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు.

"సార్! అమ్మాయి ప్రశ్న అడిగింది. మీరు జవాబు చెప్పలేదు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. కౌన్సిలరు కళ్ళు చిట్లించి చూశాడు. "ఎవరూ? అరె, మన టైలరేనా! నీకెందుకయ్యా ఇవన్నీ, నీ సంగతి నేను చూస్తానన్నాగా!"

"అదే చెప్పడానికి లేచాను సార్. నాకు దుకాణం ఇస్తాను, నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను. అందరికీ ఇచ్చేదాకా నాకొద్దు. అర్జీలో నా సంతకం కూడా ఉంటుంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కౌన్సిలరు మొహం మాడ్చుకుని పక్కవాడితో ఏదో అన్నాడు. నిర్వాహకుడు కంగారుగా మైకు అందుకుని తర్వాతి కార్యక్రమం ప్రకటించాడు. అంతే. అక్కడ ఒక్క ఇటుక కూడా కదల్లేదు. టైలరు గోడ పట్టుకుని బయటికి నడిచాడు.

బస్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంటే, కాసేపటికి భార్య, కూతురు వచ్చారు. భార్య సీసా మూత తీసి నీళ్ళు అందించింది. ఆయన తాగబోయి తాగలేక, సీసా ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాడు.

"రోజూ నవ్వాను కదే నిన్ను చూసి" అన్నాడు.

పిల్ల పక్కన కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నీకు భయం వేసిందా నాన్నా, లేచినప్పుడు?"

"చచ్చేంత. ఇప్పటికీ వేస్తోంది. నాకు ఎప్పుడూ భయమేనమ్మా. అది కనపడకుండా ఉండాలని నవ్వుతుంటాను."

"నాక్కూడా కాళ్ళు వణికాయి. బల్ల అడ్డముంది కాబట్టి ఎవరికీ తెలియలేదు."

భార్య మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇద్దరూ ఇద్దరే" అంది. ఆ గొంతులో చాలా రోజుల తర్వాత చల్లదనం వినిపించింది.

"మంగళవారం అసలు కౌన్సిలు సమావేశం ఉంది నాన్నా" అంది పిల్ల. "ముందుగా పేరిస్తే ఊళ్ళోవాళ్ళు ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చట. నాకింకా వయసు రాలేదు. నన్ను మాట్లాడనివ్వరు."

దూరంగా బస్సు మలుపు తిరిగింది. టైలరు అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. కూతురి కళ్ళలోకి చూడటానికి కాస్త సమయం పట్టింది.

"మూడు నిమిషాల్లో ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు తెలియదమ్మా" అన్నాడు. "నేర్పుతావా?"