మధ్యలో చిన్న గీత

"ఏం సార్, ఎన్నడు పోతున్నరు?"

శ్రీరాంపూర్‌లో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసు. అక్కడ క్లర్కు శ్యామల ఒక ఉత్తరాన్ని టేబుల్ మీద కొట్టింది. లెక్కల సారు నిరంజన్ బిత్తరపోయాడు.

"ఎక్కడికి మేడం?"

"నన్నే అడుగుతున్నరా? రిజైన్ చేస్తనని మీరే రాసిండ్రు. పెద్ద సార్ సరేనని సంతకం గూడ పెట్టిండు. మీ రిలీవింగ్ ఆర్డర్ నేను టైప్ చేయాల్నట!"

ఈ మనిషి ఇంగ్లిషుతో ఆమెకు రెండేళ్లుగా తలనొప్పే. వేసవి సెలవులకు 'సమ్మర్ వేకెన్సీ' కావాలని రాశాడు. కాంట్రాక్టు కాగితం మీద ఎంప్లాయీ అన్నచోటు వదిలేసి ఎంప్లాయర్ అన్నచోట సంతకం చేశాడు. యజమాని సుదర్శన్‌రావు "స్కూలు నీదా, నాదా?" అని ఎగిరిపడ్డాడు. అన్నీ దిద్దింది శ్యామలే. విసుక్కుంటూ దిద్దింది, వాన పడితే బస్టాప్ దాకా అతని గొడుగులోనే నడిచింది. ఇప్పుడు ఏడుపొస్తోంది. ఏడుపొస్తున్నందుకు ఇంకా ఒళ్లు మండుతోంది.

"నాకొక్క మాట చెప్పొద్దా నువ్వు?"

'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

"పోతనని ఎవరన్నరు? ఏడాది కాంట్రాక్టు అయిపోయింది గద. మల్ల సైన్ చేస్తనని రాసిన. ముందల 'రీ' పెడితే మల్ల అని నువ్వే చెప్పినవ్. రీఓపెన్, రీచెక్... సైన్‌కు గూడ పెట్టిన."

శ్యామల తల పట్టుకుంది. నిజమే, చెప్పింది తనే.

"మధ్యల చిన్న గీత పెట్టాలె మారాజా! అక్షరాలన్ని ఒకటే. గీత లేకుంటే నౌకరే పోతది!"

అతని చెయ్యి పట్టుకుని సుదర్శన్‌రావు గదిలోకి లాక్కెళ్లింది. ఆయన అంతా విని, తన సంతకం కొట్టేశాడు. ఆమె పట్టుకున్న చెయ్యి వైపు చూశాడు.

"గీత పెట్టు, అయిపాయె. ఆయన నౌకరికి నువ్వెందుకమ్మా గింత పరేషాన్?"

చెయ్యి వదిలేసి, కాగితం చిరిగేంత గట్టిగా గీత గీసింది శ్యామల.

వరండాలోకి వచ్చేసరికి వాన. నిరంజన్ గొడుగు తెరవలేదు.

"నేను పోతున్ననంటే గంత కోపమెందుకొచ్చింది?"

"నువ్వు లేకుంటే నాకు మంచిగుండదు. సాలునా?"

అతని మొహం వెలిగిపోయింది. "అయితే మీ బాపుకు ఒక దరఖాస్తు రాస్త. ఇంగ్లిష్‌ల, మంచిగ..."

"బాపు గనిల షిఫ్ట్ దిగి నాలుగింటికి ఇంటికొస్తడు. నోటితోని అడుగు! పెన్ను ముట్టినవంటే చూడు!"