ఒకే ఒక్క టోపీ

రొదోపి కొండల్లోని ఆ ప్రసూతి ఆసుపత్రిలోకి మొగుళ్లని రానివ్వరు. వాళ్లు పెరట్లో నిలబడి పైకి కేకేస్తారు. ఆడవాళ్లు మేడ మీది కిటికీలోంచి తాడుకి సంచి కట్టి దింపుతారు. కిందివాళ్లు అందులో పచ్చడి సీసానో, జున్ను పెట్టి కాల్చిన బనిత్సా ముక్కో పెట్టి తాడు రెండుసార్లు లాగుతారు. ఆ కొన్నాళ్లూ కాపురాలు తాడు మీదే నడుస్తాయి.

నెవ్యానాకి కిటికీలోంచి తొంగిచూసే యోగం కూడా లేదు. మాయ కిందికి దిగి బిడ్డ వచ్చే దారికి అడ్డంగా ఉంది. లేచి నడిస్తే రక్తం పోయి తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ చెప్పేసింది. ఇప్పటికే ఆమెకి ఇద్దరు పుట్టి, ఊపిరి తియ్యకుండానే పోయారు. వాళ్లకి పేరు లేదు, బాప్తిస్మం లేదు. ఎక్కడ పూడ్చారో కూడా ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పడుకునే తాడు దింపుకోవచ్చని ఆయా రద్కా ఆమె మంచాన్ని కిటికీకి ఆనించి, సంచి కట్టిన తాడు బయటికి వేలాడేసింది.

"పొదిగే కోడిలా కదలకుండా పడుండు. కోడైనా దిగి నాలుగు గింజలు తినొస్తుంది, నీకదీ లేదు."

"ఎవరూ రానప్పుడు తాడెందుకు పిన్నీ?"

"దారిలో మంచు తీశాక వస్తాడులే మీ ఆయన వెలికో. ఈలోగా బయట్నుంచి ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలక్కు. క్రిస్మస్ వెళ్లిన ఈ రోజుల్లో పేరు పెట్టకుండానే పోయిన పసివాళ్లు తిరుగుతుంటారు."

నెవ్యానా తలాడించింది. ఆమె తలగడ కింద ఎర్ర ఊలు టోపీ ఉంది. బిడ్డ పుట్టకముందు ఏదీ అల్లకూడదని తెలుసు. అయినా మాట్లాడే మనిషి లేక, చేతులు ఊరుకోక అల్లేసింది.

ఆ మధ్యాహ్నం పొగమంచు కిటికీ దాకా పేరుకుంది. పక్క మంచం ఖాళీ, పరుపు చుట్టేసి ఉంది. గదిలో ఉడికిన క్యాబేజీ వాసన, వెచ్చబెట్టే గొట్టంలో నీళ్ల గురగుర.

తాడు కదిలింది.

"అమ్మా..."

నెవ్యానాకి రద్కా మాట గుర్తుంది. కానీ ఆమెని అలా ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. మొదటి పిలుపుకే పలికేసింది.

"ఎవరు నాన్నా?"

"చలేస్తోందమ్మా... ఆ టోపీ ఇవ్వవా?"

టోపీ సంగతి ఎవరికీ తెలియదు. ఆమెకి భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది. సంచి పైకి లాగి, టోపీ అందులో పెట్టి దింపింది. తాడు రెండుసార్లు లాగారు. పైకి తీస్తే సంచి అడుగున కరగని మంచు.

మళ్లీ తాడు కదిలింది. ఈసారి ఇంకా చిన్న గొంతు.

"అన్నకిచ్చావు... మరి నాకో?"

"ఒక్కటే ఉంది తల్లీ..."

కింద మొదటి గొంతు కిసుక్కున నవ్వింది.

"టోపీ వచ్చేసిందిగా. ఇంక నేను పైకి వచ్చేస్తున్నా."

రక్తంతో పక్క తడిసింది... వెచ్చగా...

"పిన్నీ!"

కళ్లు తెరిచేసరికి తెల్లవారింది. కడుపు మీద కుట్లు. రద్కా బిడ్డని పొత్తిగుడ్డలో చుట్టి తెచ్చింది.

"గట్టి పిండమే. అంత రక్తం పోయినా నిలబడ్డారిద్దరూ. దొంగా, ముందే అల్లిపెట్టుకున్నావే?"

బిడ్డ తలకి ఎర్ర టోపీ. ఊలు ఇంకా తడిగా ఉంది.

"ఎవరు పెట్టారు పిన్నీ?"

"నేనెత్తుకునేసరికే ఉంది. నువ్వే ఇచ్చావనుకున్నా."

రద్కా వెళ్లిపోయింది. నెవ్యానా బిడ్డని గుండెకి హత్తుకుంది. ఎన్నేళ్ల ఆశ. బుగ్గలు చల్లగా ఉన్నాయి. వాడు ఏడవలేదు, ఆమెనే చూస్తున్నాడు. రొమ్ము నోటికిచ్చింది. పాల చుక్క రాలేదు.

తాడు కదిలింది.

కింద రెండు గొంతులు. ఒకటి నిన్నటి చిన్న గొంతే. "మరి నాకో..." అంటోంది.

రెండోదానికి మాటలు రావు. అప్పుడే పుట్టిన పసిగుడ్డు... గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆ ఏడుపు వినగానే నెవ్యానాకి పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది.