భుజం ఏడు

మా దుకాణం ఇంటి ముందు గదే. రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల. వెనక గదిలో మా ఆయన ఇస్త్రీ బల్ల. నలభై ఏళ్లుగా కుడుతున్నాను. నేను కుట్టింది బిగుతైందనో వదులైందనో పోయిన నెల దాకా ఎవరూ వెనక్కి తేలేదు.

అంకెలు రాయగలను, పేర్లు రాయలేను. కొలతలన్నీ బుర్రలోనే ఉండేవి. పోయిన నెల ఇద్దరివి తారుమారయ్యాయి. అది కనిపెట్టి మా అమ్మాయి నా బటన్ల ఫోను తీసేసి టచ్ ఫోను తెచ్చిపెట్టింది.

"ఇక నీకు రాసే పనే లేదమ్మా. నువ్వు చెప్పు, అది రాసుకుంటుంది. అడిగితే చదివి వినిపిస్తుంది."

మొదటిరోజే తగువొచ్చింది. మేం కొలతల దగ్గర ఏడు అనం. ఆ మాటంటే ఏడవమన్నట్టని మా నాన్న 'ఆరున్నొకటి' అనేవాడు. నాకూ అదే అలవాటు. ఫోను దాన్ని అరవై ఒకటని రాసుకుంది.

అమ్మాయి పడీపడీ నవ్వింది. "అరవై ఒక్క అంగుళాల భుజమా! ఏనుక్కేమైనా కుడుతున్నావా? ఏడు అనమ్మా, నీ నోరేం అరిగిపోదు."

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయి కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. మబ్బు పట్టింది. వానజల్లు లోపలికి కొడుతుందని షట్టరు సగం దించాను. గదిలో మసక. వెనక నుంచి మా ఆయన గురక. కొలతల కోసం నర్సమ్మ ఆదికిచ్చిన గౌను బల్ల మీద పరిచి, టేపు పట్టి, ఫోనుకి చెప్పాను.

"నడుము ముప్పై రెండు."

టింగుమంది.

"భుజం ఏడు."

టింగుమనలేదు.

కాసేపటికి ఫోన్లోంచి సన్నటి చప్పుడు... బట్టలోంచి దారం లాగుతున్నట్టు. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఎవరో ఏడుస్తున్నారు. మూడు వెక్కులు, ఒక ఎక్కిలి. మూడు వెక్కులు, ఒక ఎక్కిలి.

ఆ ఎక్కిలి నాకు తెలుసు. మా చెల్లెలిది.

అదీ నేనూ ఈ బల్ల దగ్గరే పని నేర్చుకున్నాం. ముప్పై ఏళ్ల కిందట నేను కళ్లు కాయలు కాచేలా గీసుకున్న కాగితం నమూనాలు ఎదుటి దుకాణంలో తేలాయి. దాని పనే అనుకున్నాను. "నేను కాదక్కా" అని కాళ్లు పట్టుకుంది. "ఏడు. నేను చాలనేదాకా ఏడు" అని దాని మొహాన తలుపేశాను. తెల్లారేసరికి వెళ్లిపోయింది. ఏడాది తిరక్కుండా జ్వరంతో పోయిందని కబురొచ్చింది. నేను వెళ్లలేదు. చాలని ఎన్నడూ అనలేదు.

మీట నొక్కి ఫోను ఆపేశాను. అద్దం నల్లబడింది. ఏడుపు మాత్రం ఆగలేదు. గదిలో తడిసి ముక్కిన బట్ట వాసన. గౌను సర్దబోతే చేతికి చల్లగా తగిలింది. భుజం ఒక్కటే... తడిగా ఉంది.

"అక్కా... ఏడ్చింది చాలా?"

నాకు ముందు కోపమే వచ్చింది.

"నువ్వు కాకపోతే మరెవరే ఇచ్చింది?"

"...బావ."

వెనక గదిలో గురక ఆగిపోయింది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. నా వంక చూడలేదు, ఫోను వంక చూశాడు. భయపడ్డ మొహం కాదది. విసిగిన మొహం.

"నీకు ఇప్పుడా వినపడింది?"

"మీకు... ఎప్పట్నుంచి?"

"అది పోయిన దగ్గర్నుంచీ."

"ఎందుకు చేశారండీ?"

"ఎదుటి దుకాణం వాళ్లు కత్తెర చేతికిస్తామన్నారు. నువ్వు ఒక్కనాడైనా ముట్టుకోనిచ్చావా? వంకర చెయ్యని నలుగురిలో నవ్వావు."

దాన్ని దొంగదని నేను తిట్టినప్పుడల్లా తలూపిన మనిషి. చావు కబురొచ్చిన రోజు నేను చెప్పుల దాకా వెళితే, "నీకు ద్రోహం చేసినదాని గుమ్మం తొక్కుతావా?" అని చెయ్యిపట్టి కూర్చోబెట్టిన మనిషి.

"చాలే తల్లీ," అన్నాను. "చాలు."

ఏడుపు ఆగింది.

ఆపేసిన ఫోను... టింగుమంది. చెల్లెలి గొంతే. కానీ తడి లేదు. బల్ల దగ్గర కొలత చెప్పే గొంతు.

"మెడ పదిహేను."

మా ఆయన చెయ్యి మెడ మీదికి పోయింది.

"అక్కా... కత్తిరించనా?"

ఆయన నా కళ్లలోకి చూశాడు. వద్దని చెప్పమని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నేను వద్దనలేదు. అవుననీ అనలేదు. టేపు చుట్టి సొరుగులో పెట్టాను.

ఇది జరిగి నాలుగు రోజులు. ఫోను బుద్ధిగా రాసుకుంటోంది. అమ్మాయి మురిసిపోతోంది. మా ఆయన మెడ చుట్టూ మాత్రం తెల్లటి సుద్దగీత పడింది, కత్తెర ఆడాల్సిన చోట మేం గీసుకునే గీతలాంటిది. ఎంత రుద్దినా పోదు. గీత కొసలు రెండూ వెనకవైపు ఇంకా కలవలేదు.

ఇవాళ పొద్దున నా ముందు వీపు తిప్పి కూర్చున్నాడు.

"నిన్న రెండంగుళాల ఎడం అన్నావు," అన్నాడు గుసగుసగా. "ఇవాళెంతుందే?"

టేపు పెట్టి చూశాను. ఒకటి.

"రెండే," అన్నాను.