దండెం ఎత్తు

ఆ రోజు పొద్దున్న కూడా కుక్క వచ్చింది. గిలకలదిండి రేవు దగ్గర సూరయ్య ఇంటి ముందు దండెం మీద సావళ్ళు ఎండుతున్నాయి. వాటిలో బెల్టంత పొడవున్న చేపనొకదాన్ని నోట కరుచుకుని నింపాదిగా నడిచి వెళ్లిపోయింది. తొందరెందుకు? దండెం మీది చేపలు దాని మూతికి అందేంత కిందనే వేలాడుతున్నాయి మరి.

అదిలించబోయి సూరయ్య భార్య నాగమల్లేశ్వరి ఎడమ చెయ్యి ఎత్తింది. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

మూడు నెలల క్రితం క్యాన్సరని ఆపరేషన్ చేసి ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత కీమో ఇంజెక్షన్లు మొదలయ్యాయి, జుట్టంతా ఊడిపోయింది. ఇంట్లోవాళ్ళ ప్రేమ జబ్బుకంటే గట్టిగా పట్టుకుంది. అత్త కనకరత్నం ఉప్పుజాడీతో సహా అన్నీ నేలమీదికి దించేసింది. సూరయ్య దండెం విప్పి నడుమెత్తున కట్టేశాడు. ఆసుపత్రిలో మొదటిసారి వ్యాయామం చేయించినప్పుడు ఆమె పెట్టిన కేక అతను మర్చిపోలేదు. తుఫాన్లకు బెదరని మనిషి ఆ కేకకు బెదిరిపోయి, ఇంటికొచ్చాక ఆ వ్యాయామం ఊసే ఎత్తనివ్వలేదు.

నిన్న బందరు ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే మరియం గారు ఆ చెయ్యి చూసి కోప్పడ్డారు.

"నెలన్నరలో నీకు కరెంటు, అదే రేడియేషన్ పెట్టాలమ్మా. ఆ మిషను కింద చెయ్యి తలపైకి పెట్టి పడుకోవాలి. ఇలా బిగిసిపోతే ఎలా పెడతారు? రోజూ గోడ మీద వేళ్ళు పైకి నడిపించు. రెండుపూటలా నడువు. బరువు బుట్టలు మాత్రం ఎత్తకు."

ఆ మాటలు గుర్తొచ్చి నాగమల్లేశ్వరి సూరయ్య వైపు తిరిగింది.

"ఏమయ్యా, దండెం పైకి కట్టు."

"నీకు అందదు మల్లీ."

"అందట్లేదనేగా కట్టమంటున్నాను!"

"వద్దే తల్లీ, కుట్లు చిట్లితే?" అంది కనకరత్నం. "నేను ఆరేస్తాగా."

"కుట్లు ఎప్పుడో మానినై అత్తా. నన్నే మీరు మాననివ్వట్లేదు."

"నువ్వు ఏడుస్తుంటే నేను చూళ్ళేనే!" సూరయ్య గొంతు పెద్దదైంది.

"నేను ఏడ్చేది నొప్పికి కాదయ్యా. రేవులో చేపల వేలంపాటప్పుడు నా గొంతు వింటే అవతలివాళ్ళు తగ్గేవాళ్ళు. ఇవాళ కుక్క కూడా నన్ను లెక్కచెయ్యట్లేదు. నేను బతికుండగానే మీరిద్దరూ నన్ను మూలన కూర్చోబెట్టేశారు!"

సూరయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి దండెం విప్పి జానెడు పైకి కట్టాడు.

"ఇవాళ్టికి ఇంతే," అన్నాడు.

మర్నాటి నుంచి గోడ మీద బొగ్గు గీతలు మొదలయ్యాయి. వేళ్ళు ఎక్కడిదాకా పాకితే అక్కడ ఒక గీత. గీత పైకెక్కినప్పుడల్లా దండెం నాలుగు వేళ్ళు పైకి జరిగేది. సాయంత్రం కోడలితో పాటు నడకకు బయల్దేరిన కనకరత్నం మొదట మోకాళ్ళని తిట్టింది, పది రోజులకు కోడల్నే "బద్ధకపుదానా, నడువు" అని తిట్టడం మొదలెట్టింది. ఇంజెక్షన్ వేసిన రోజుల్లో నాగమల్లేశ్వరి లేవలేకపోయేది. ఆ రోజుల్లో దండెం పైకి జరిగేది కాదు, అలాగని కిందికీ దిగేది కాదు. మెల్లగా నిద్ర పట్టసాగింది. అన్నం సయించింది. ఒకరోజు ఆమె పకపకా నవ్వితే సూరయ్య వల వదిలేసి లోపలికి వచ్చి చూశాడు.

కరెంటుకి వెళ్లే ముందురోజు దండెం పాతచోటికి చేరింది. గుంజ మీద తాడు ఒరిసిన పాత గుర్తు ఇంకా అక్కడే ఉంది. నాగమల్లేశ్వరి ఒక్క చేప తీసుకుంది. చంక కింద లాగింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమ చెయ్యి పైకి చాపింది. చేప దండెం మీద పడింది.

కుక్క వచ్చి మెడ ఎత్తి చూసి కూర్చుంది.

"చూడవే, బాగా చూడు!" అంది నాగమల్లేశ్వరి. కనకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. దండెం కిందికి కట్టిన తన చేతులకేసి చూసుకుని సూరయ్య ఏడ్చాడు.

"నీ మీద ప్రేమనుకున్నానే. అది నా భయం," అన్నాడు.

మర్నాడు మిషను గదిలో నర్సు దగ్గరికొచ్చి, "అమ్మా, ఎడమ చెయ్యి కొంచెం..." అంటూ ఉండగానే చెయ్యి తలపైకి వెళ్లిపోయింది.

"ఇంకా పైకి కావాలా అండీ?" అంది నాగమల్లేశ్వరి.