సంతకం లేని డ్రైవర్

"నాగావళి మీదో, వంశధార మీదో, చంపావతి మీదో తెలీదు. ఈ వారంలో ఏదో ఒక రైలు వంతెన పేల్చేస్తారు. నేవీ సరుకు తీసుకెళ్ళే డిఫెన్స్ స్పెషల్ వాళ్ళ టార్గెట్."

సెక్షన్ చీఫ్ నరసింగరావు గొంతు తగ్గించి చెప్పాడు. విజయనగరంలో విత్తనాల కొట్టు బోర్డు వెనకాల ఉన్న గది అది. ఎదురుగా ఏజెంట్ ధనరాజ్ నిలబడే విన్నాడు.

"ముఠా?"

"పెలికాన్. ఆ పేరు మనం పెట్టిందే. నాయకుడు హెన్రిక్. పొందూరు ఖద్దరు కొని విదేశాలకి పంపే వ్యాపారిలా మకాం వేశాడు. అతని మేనేజర్ లీలారాణి. ఆమె తమ మనిషనే వాళ్ళ నమ్మకం."

ఆమె ఎవరి మనిషో ఆ గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు.

నరసింగరావు ఒక పాత లాప్‌టాప్ ముందుకు తోశాడు. "ఇదిగో నీ మెషిన్. ఓఎస్ అప్‌గ్రేడ్ చేయించాను. పాతదానికి సపోర్ట్ ఆగిపోయింది. ఒక్క పాత మెషిన్ కూడా ఉండకూడదని హెడ్డాఫీసు ఆర్డర్."

ధనరాజ్ మొహం మాడిపోయింది. "దీన్ని ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాను సార్."

"చెప్పావు. పాలసీకి మినహాయింపులుండవు."

ఆ లాప్‌టాప్‌కి తగిలించే చిన్న రేడియో పెట్టె ఒకటి ధనరాజ్ దగ్గర ఉంది. పెలికాన్ ముఠా సొంతంగా తయారు చేసుకున్న పెట్టె అది. ప్రాణాలకి తెగించి లీలారాణి దాన్ని బయటికి తెచ్చింది. దాంతో ముఠా ఆదేశాలు వినొచ్చు. వాళ్ళ బాంబుని నిద్రపుచ్చే ఆదేశం కూడా పంపొచ్చు. కానీ ఆ పెట్టె మాట లాప్‌టాప్‌కి అర్థం కావాలంటే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉండాలి. దాన్ని రాసుకున్నది ముఠాయే. ఏ వెబ్‌సైట్‌లో వెతికినా దొరకదు.

బయట 'ఉచిత కంటి పరీక్ష' అని రాసిన తెల్ల వ్యాన్ ఆగి ఉంది. దాన్ని నడిపే అసిరయ్య కూడా డిపార్ట్‌మెంట్ మనిషే, ధనరాజ్‌కి పక్క ఊరివాడు. వ్యాన్ చీపురుపల్లి దాటేలోగా ధనరాజ్ లాప్‌టాప్ తెరిచాడు. టచ్‌ప్యాడ్ కదల్లేదు. వైఫై గుర్తే మాయమైంది. తెర మీద అక్షరాలు సినిమా పోస్టర్ మీద అక్షరాలంత ఉన్నాయి. రేడియో పెట్టె తగిలిస్తే దాని పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు పడింది. పెట్టె మీద లైటు వెలగలేదు.

ఫోన్ చేశాడు. "సార్, డ్రైవర్ పోయింది."

"అసిరయ్యకేమైంది?"

"ఆ డ్రైవర్ కాదు సార్! రేడియో పెట్టె డ్రైవర్. అప్‌గ్రేడ్‌లో తుడిచిపెట్టేశారు. మన సర్వర్లో బ్యాకప్ ఉండాలి, చూడండి."

అవతల కాసేపు కీబోర్డ్ టకటకలాడింది. "లేదు. శత్రువుల సాఫ్ట్‌వేర్ అని కొత్త యాంటీవైరస్ డిలీట్ చేసింది." నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. "ఒకరకంగా కరెక్టే కదా?"

"ఇక మిగిలిన కాపీ హెన్రిక్ కంప్యూటర్లోనే ఉంటుంది."

"లీలారాణితో తెప్పించు."

"అది తీస్తే ఆమె దొరికిపోతుంది సార్."

"వేరే దారుంటే చెప్పు."

ధనరాజ్ ఫోన్ పెట్టేశాడు.

పొందూరు బజార్లో కంటి శిబిరం పేరుతో షామియానా వేశారు. తెల్లకోటు, నెరిసిన విగ్గు తగిలించుకుని ధనరాజ్ డాక్టర్ అయ్యాడు. లీలారాణి వచ్చేసరికి క్యూలో ఉన్నవాళ్ళంతా మాటలు ఆపేసి అటే చూశారు. సన్న ఖద్దరు చీర, కాటుక కళ్ళు, చేతిలో కారు తాళాలు. ఆమె వెనకే వచ్చిన హెన్రిక్ అంగరక్షకుడు షామియానా గుంజకి ఆనుకుని నిలబడ్డాడు.

"దూరపు చూపు మసకగా ఉంటోంది డాక్టర్‌గారూ," అంది నలుగురికీ వినపడేలా.

ధనరాజ్ ఆమె కళ్ళకి పరీక్ష ఫ్రేము పెడుతూ వంగి, సంగతంతా గొంతులోనే చెప్పాడు. ఆమె కళ్ళు ఫ్రేము వెనక ఒక్క క్షణం మూతపడ్డాయి.

"పెట్టె తెచ్చిన్నాడు నేనేటి సెప్పాను?" పెదాలు కదలకుండా అడిగింది. పొందూరు పిల్ల మాట అది, మేనేజర్ మాట కాదు. "నాలుగు సోట్ల దాసుకోమన్నాను గదా."

"దాచాను. మావాళ్ళే చెరిపేశారు."

"బాగున్నాది. హెన్రిక్‌కి నామీద అనుమానం రాకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. మీ ఆఫీసోళ్ళని గెలవలేకపోతన్నాను."

"వద్దనుకుంటే వద్దను. నేను వేరేలా చూస్తాను."

"ఏటి సూస్తారు?" అంది. కోపం లేదు, అలసట ఉంది. "నా పాత కళ్ళజోడు రేపు తెచ్చి చూపిస్తానులెండి డాక్టర్‌గారూ!" అని పైకి అనేసి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో వచ్చింది. చెప్పినట్టే కళ్ళజోడు పెట్టె ధనరాజ్ చేతికిచ్చింది. అడుగున గుడ్డ కింద గట్టిగా తగిలింది పెన్‌డ్రైవ్. గుంజ దగ్గర మనిషి ఈసారి ఇంకాస్త లోపలికి జరిగి నిలబడ్డాడు.

"చివరి వరస చదవండి," అన్నాడు ధనరాజ్.

చార్టు మీద 'గ, న, ప, ర' ఉంది. వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం పాతదే. తప్పు చదివిన అక్షరాలే కబురు.

"దూ... సి," చదివింది. "పై వరస... నే... డే."

దూసి. నాగావళి మీద రైలు వంతెన. ఈరోజే!

ధనరాజ్ ఆమె వైపు వంగాడు. "వ్యాన్ వెనక తలుపు తీసే ఉంది. ఎక్కెయ్."

"ఇప్పుడు నేను అగుపించకపోతే ఆళ్ళు జాగా మార్చేస్తారు. మళ్ళీ ఎక్కడని ఎతుకుతారు?" కొంగు సర్దుకుంది. "నేను మాటల్లో పెడతాను. మీరు ఎల్లండి."

నవ్వుతూ అంగరక్షకుడి వైపు నడిచింది. ధనరాజ్ ఆపలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆపి ఏం చేసుండేవాడో అతనికి అంతుపట్టలేదు.

వ్యాన్ దూసి వైపు దూసుకుపోయింది. ధనరాజ్ ఒళ్ళో లాప్‌టాప్, చెవిలో ఫోన్. రైల్వే కంట్రోల్‌తో మాట్లాడి నరసింగరావు లైన్లోకి వచ్చాడు. "స్పెషల్ శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాటేసింది. వంతెనకి ఇవతల ఇంక సిగ్నల్ లేదు. గార్డుకి కబురు అందట్లేదు. నువ్వే ఆపాలి!"

పెన్‌డ్రైవ్ గుచ్చాడు. టచ్‌ప్యాడ్ చచ్చింది కాబట్టి కీబోర్డ్ మీదే ఒక్కో మీట నొక్కుతూ ఫైల్ దాకా పోయాడు. ఇన్‌స్టాల్ కొట్టాడు.

తెర మీద పెద్ద అక్షరాలు లేచాయి. 'ఈ డ్రైవర్‌కి డిజిటల్ సంతకం లేదు. మీ భద్రత కోసం తిరస్కరించాం.'

"ఎవరి భద్రత!" ధనరాజ్ పళ్ళు నూరాడు. సంతకం తనిఖీ ఆపాలంటే లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి ప్రత్యేక మోడ్‌లోకి వెళ్ళాలి. రీస్టార్ట్ కొట్టాడు.

తెర నల్లబడి, నీలంగా మారింది. 'అప్‌డేట్‌లు జరుగుతున్నాయి. కంప్యూటర్ ఆపవద్దు.'

అసిరయ్య గట్టు మీద బ్రేకేసి తొంగి చూశాడు. "ఇప్పుడిదేటి బావా?"

"అప్‌డేట్."

"ఆపీ!"

"ఆపితే మొత్తం పోతాది."

ఎదురుగా వంతెన. కింద ఇసకలో వల ఆరేసుకుంటున్నట్టు ఒకడు కూర్చున్నాడు. ఆ ఎండలో వల మీద చెయ్యి లేదు వాడికి. చూపంతా పట్టాల మీదే. అవతలి ఒడ్డున ఇంజను కూత వినిపించింది.

"బావా, ఆడే!" అసిరయ్య తలుపు తెరుచుకుని ఇసకలోకి దూకాడు.

నీలం తెర పోయింది. ధనరాజ్ మీటలు నొక్కాడు. సంతకం తనిఖీ ఆఫ్. ఇన్‌స్టాల్. గుండ్రంగా తిరిగే చుక్కలు. ఇంజను వంతెన మీదికి ఎక్కింది, ఇనుము దడదడలాడింది. ఇసకలో మనిషి వల కింద నుంచి రిమోట్ తీశాడు.

పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది.

ధనరాజ్ ఆదేశం కొట్టాడు. కింద వాడు బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. స్పెషల్ బోగీ వెనక బోగీగా నాగావళి దాటి దూసి వైపు సాగిపోయింది. మూడోసారి నొక్కబోతుండగా అసిరయ్య వాడి మీద పడ్డాడు.

ధనరాజ్ అక్కడ ఆగలేదు. అతను చేరేలోగానే కమాండో టీమ్ హెన్రిక్ గోడౌన్‌ని చుట్టుముట్టి, అతన్ని బేడీలతో బయటికి తెస్తోంది. లోపల, నూలు చిలపల కట్టల మధ్య లీలారాణి పడి ఉంది. కాటుక చెదరలేదు. టేబుల్ మీద హెన్రిక్ కంప్యూటర్ తెరిచే ఉంది. ఏ ఫైలు, ఎప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యిందో తెర మీద కనిపిస్తోంది. వంతెన పేలలేదని తెలియగానే ముఠావాళ్ళు వెతికింది దాన్నే.

ధనరాజ్ విగ్గు తీసేసి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. టీమ్ లీడర్ వచ్చి భుజం తట్టేదాకా లేవలేదు.

శవపేటిక వెనక పొందూరులో పదిమంది కూడా నడవలేదు. 'విదేశీ గూఢచారిణి హతం' అని పేపర్లు రాశాయి. ఆమె మన మనిషని చెప్పే అధికారం ఎవరికీ లేదు. పాస్టరు ప్రార్థన క్లుప్తంగా ముగించాడు. సమాధుల తోటలో లీలారాణి అమ్మ చిన్నతల్లి ధనరాజ్ దగ్గరికి వచ్చింది.

"నువ్వు ఎవులివి బాబూ? మావోళ్ళే రానేదు."

"తెలిసినవాణ్ణమ్మా."

"నా బిడ్డ దేశానికి ద్రోహం సేసిందంతన్నారు. నువ్వూ అలగే అనుకుంతన్నావేటి?"

"లేదమ్మా."

"మరి ఆళ్ళకి సెప్పవేటి?"

ధనరాజ్ వంగి గుప్పెడు మట్టి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని గుంతలో వేసింది.

సోమవారం విజయనగరం గదిలో నరసింగరావు హుషారుగా ఉన్నాడు. మెషిన్ల ఆధునీకరణ సకాలంలో ముగించినందుకు హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. మిషన్ రిపోర్టు టైపు చేయించి సిద్ధంగా పెట్టాడు.

"చదివి సంతకం పెట్టు," అన్నాడు.

ధనరాజ్ చదివాడు. వంతెన క్షేమం. రైలు క్షేమం. అరెస్టులు బాగానే ఉన్నాయి. ప్రాణనష్టం అన్న చోట 'లేదు' అని ఉంది.

"లీలారాణి సార్?"

"ఆమె పేరు మన రికార్డుల్లో ఎక్కడుంది చెప్పు? లేని మనిషి ఎలా పోతుంది?"

ధనరాజ్ జేబులోంచి పెన్ను తీశాడు. 'లేదు' కొట్టేసి, పైన 'ఒకరు' అని రాసి, సంతకం పెట్టి వచ్చేశాడు.

అనుమతి లేకుండా ప్రభుత్వ పత్రాన్ని దిద్దినందుకు సంజాయిషీ ఇవ్వమంటూ మర్నాడే మెమో వచ్చింది. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక పని అంత చురుగ్గా జరగడం ధనరాజ్ చూడటం అదే మొదటిసారి.